చేత్తో కడిగిన ఇరవై పళ్లు

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ రైలుబండి అంటారు. మాట ఆగదు, కాలు ఆగదు, అన్నం తింటూనే చెప్పులు వెతుక్కుంటుంది. పళ్ల డాక్టరు చదువు అయిపోయి, పై చదువు ఆఖరి ఏడాదికి వచ్చింది. ఆ ఏడాది ఏదో ఒక పరిశోధన చేసి చూపించాలి కదా, రైలుబండి పట్టుకున్న విషయం ఇదీ: పంటి వేరులో దారమంత సన్నటి గొట్టం ఉంటుంది. పన్ను పుచ్చిపోతే సూక్ష్మజీవులు ఆ గొట్టంలోకి దిగి పిల్లాపాపలతో కాపురం పెడతాయి. మందునీళ్లతో కడిగి వాటిని ఖాళీ చేయించాలి. దేంతో కడిగితే బాగా పోతాయి? చేత్తో సిరంజి నొక్కడమా, నీళ్లని లోపల గిలకొట్టే అల్ట్రాసోనిక్ మిషనా, లేజరా?

పీకేసిన పళ్లు అరవై పోగుచేసింది. వాటిలో ఒకే జాతి సూక్ష్మజీవిని మూడు వారాలు పెంచింది, పసిపిల్లని సాకినట్టు. ఇరవై పళ్లు లేజరుకి, ఇరవై మిషనుకి, ఇరవై చేతికి. ఒక్కో పంటికి సరిగ్గా మూడు నిమిషాలు. ఆ లెక్క పెట్టుకున్నదీ తనే, కాగితం మీద రాసి గోడకి అంటించిందీ తనే.

పొద్దున్న లేజరు అయింది, మధ్యాహ్నానికి మిషను అయింది. వాటితో గొడవ లేదు, మూడు నిమిషాలు కాగానే అవే కుయ్యిమని ఆగిపోతాయి. మనిషి చేతికి అలాంటి కూత లేదు. నాలుగింటికి సిరంజి పట్టుకుంది. పదకొండు పళ్ల దాకా గడియారం చూసుకుంటూ బుద్ధిగానే నొక్కింది. సూది వెంట్రుకంత సన్నం, నీళ్లు ఒక పట్టాన దిగవు, పన్నెండో పంటికల్లా బొటనవేలు సమ్మెకట్టింది. ల్యాబు అటెండరు తాళాలగుత్తి ఆడిస్తూ రెండుసార్లు తొంగిచూసి వెళ్లాడు. పన్నెండో పంటికి రెండు నిమిషాలు చాల్లే అనుకుంది. పదిహేనో పంటికి ఒకటి. ఆఖరి రెండింటికీ అదీ లేదు, చుయ్యిమని ఒక్క నొక్కు నొక్కి పక్కన పెట్టేసింది. తర్వాత నోటుపుస్తకం తెరిచి, పట్టిన సమయం అని గీసుకున్న గడిలో పైనుంచి కిందదాకా ఇరవై సార్లు మూడు, మూడు, మూడు అని ఒక్క ఊపున దించేసింది.

రెండు రోజులకి గాజు పళ్లేల మీద సూక్ష్మజీవులు చుక్కలు చుక్కలుగా మొలిచాయి. చేత్తో కడిగిన వాటిలో పదకొండో పంటి దాకా అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. పన్నెండు నుంచి ఆవాలు ఒలకబోసినట్టే. రైలుబండి చూసింది. చూసి, ఇరవైకీ కలిపి సగటు తీసేసింది. సగటు అనేది మహా మంచి దుప్పటి, ఎవరి కాళ్లు బయట ఉన్నాయో కనిపించనివ్వదు.

సెమినారు రోజు తెర మీద చేతిపని తాలూకు ఎర్రగీత మిగతా రెండింటి పక్కన తాడిచెట్టులా నిలబడింది. ఎంత పొడుగుంటే అన్ని సూక్ష్మజీవులు బతికున్నట్టు లెక్క. విభాగానికి పెద్దావిడ, అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ, మహా సంబరపడిపోయి ఇక చేత్తో కడిగే రోజులు చెల్లిపోయాయని అన్నారు. గదిలో సగం తలలు రెండో వరసకేసి తిరిగాయి. అక్కడ కూర్చున్నది పెద్ద డాక్టరుగారు. ముప్పై ఏళ్లుగా చేత్తోనే కడుగుతారు, పిల్లలు చాటుగా సిరంజి తాత అని పిలుచుకుంటారు. ఆయన లేచేసరికి, అయిపోయిందిరా బాబూ, ఇక చీల్చి చెండాడతారని రైలుబండి బిగుసుకుపోయింది. ఆయన అడిగింది ఒక్కటే.

"అంత తేడానా అమ్మా? చేత్తో కడిగినవాటికి కూడా పూర్తిగా మూడు నిమిషాలూ ఇచ్చావా?"

"ఇచ్చాను సార్."

జీవితంలో అంత చిన్న జవాబు తను ఎప్పుడూ చెప్పలేదు. ఆయన తలూపి కూర్చుని, జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నారు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఆయన కూడా ఉన్నారు. ఆ చప్పట్లు చెంపల మీద పడ్డట్టే ఉంది.

అయినా మనిషి ఎంత గడుసుదంటే, సాయంత్రానికల్లా సర్దేసుకుంది. ఏం కొంపలు మునిగాయి? ఎలాగూ మిషనే మంచిదని అందరూ అంటున్నదే. తను కొంచెం ముందుకి తోసింది, అంతేగా.

వారం తర్వాత కొంప మునిగింది. రైలుబండి పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఆ పెద్దమ్మ దవడపన్ను ఏడేళ్ల కిందట బాగుచేసింది పెద్ద డాక్టరుగారే. ఆ రోజు పెద్దమ్మ బట్టలు మడతపెడుతూ, ఆయన ఫోన్ చేశాడని చెప్పింది. పన్ను మళ్లీ చూడాలట, ఎక్స్‌రే తీయాలట, డబ్బులేం వద్దట. తనొక్కతే కాదు, చేత్తో కడిగిన వాళ్లందరినీ వరసపెట్టి పిలుస్తున్నాడట.

"ఏడేళ్లయిందే, ఆ పంటితో ఏది పడితే అది కొరుకుతున్నాను. ఎవరో ఏదో పరిశోధన చేశారట, చేత్తో కడిగితే పురుగు చావట్లేదని. పాపం ఆయన గొంతు ఎలాగో ఉంది. ఎవరే ఆ మహాతల్లి, నీకు తెలుసా?"

రైలుబండి దుప్పటి రెండో కొస పట్టుకుని ఉంది. తెలియదంది. పెద్దమ్మ ఆ కొస లాక్కుంటూ, తెలియకపోతే ముఖం అలా పాలిపోయిందేమిటే, ఎండలో తిరిగావా అని నుదురు తడిమి చూసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. దాని కింద నుంచి తప్పించుకుని స్నానాల గదిలో దూరి, కుళాయి తిప్పి, నీళ్లు పోతుంటే ఊరికే నిలబడింది.

మర్నాడు ఆయన గదికి వెళ్లింది. వెళ్లింది చెప్పేద్దామనే, కానీ నోరు పెగిలేలోపు ఆయనే కుర్చీ జరిపి కూర్చోమన్నారు. బల్ల మీద పేర్ల జాబితా ఉంది, నాలుగు పేజీలు. పక్కన అల్ట్రాసోనిక్ మిషను పుస్తకం, పేజీల మధ్య పుల్లలు పెట్టి ఉంది. ఖాళీ ఉన్నప్పుడు రోజుకో అరగంట వచ్చి ఆ మిషను నేర్పగలదా అని అడిగారు. ఈ వయసులో పాత పాఠం మర్చిపోవడమే కష్టంగా ఉందనీ, శిష్యుడు మొద్దువాడైతే విసుక్కోవద్దనీ నవ్వారు. అరవై దాటిన మనిషి, తనకి సూది పట్టుకోవడం నేర్పిన మనిషి, తన ముందు నోటుపుస్తకం తెరిచి పెన్ను మూత తీశారు.

ఇక లాభం లేదు.

"సార్, నేను మూడు నిమిషాలు ఇవ్వలేదు."

ఆయనకి అర్థం కాలేదు. రైలుబండి మొదటిసారి నెమ్మదిగా మాట్లాడింది. బొటనవేలు, అటెండరు తాళాలు, పన్నెండో పన్ను, ఇరవై సార్లు రాసిన మూడు, దాని మీద కప్పిన సగటు, మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ బల్ల మీది పేర్లే కనిపిస్తున్నాయి, వాటిలో పెద్దమ్మ పేరు పక్కన టిక్కు కూడా.

"ఎన్ని?" అన్నారాయన.

"తొమ్మిది సార్. పన్నెండు నుంచి ఇరవై దాకా."

తిడతారని ఎదురుచూసింది. తిడితే బాగుండుననే ఎదురుచూసింది. ఆయన పెన్నుకి మూత పెట్టేశారు.

"మొన్న ఈ జాబితాలోంచి ఒక దర్జీ వచ్చాడమ్మా. ఎక్స్‌రేలో వేరు కొసన చిన్న మసక ఉంది. ఇదివరకైతే ఆర్నెల్లు ఆగి చూద్దాం అనేవాణ్ణి. నీ ఎర్రగీత గుర్తొచ్చి, పైన తొడుగు కోసి, లోపల అంతా తోడేశాను. శుభ్రంగా ఉంది. చుక్క చీము లేదు. మంచి పన్ను, అనవసరంగా సగం తరిగేశాను. ఇక అదెన్నాళ్లుంటుందో చెప్పలేను."

రైలుబండికి ఏడుపు వచ్చింది కానీ ఏడవడానికి కూడా ముఖం చెల్లలేదు.

"గురువారం మళ్లీ వస్తాడు. అప్పుడు నువ్వు ఉండాలి," అన్నారు. "మేడమ్‌కి ఈ రోజే చెప్పు. నా ద్వారా కాదు, నువ్వే."

మేడమ్ ఆ పరిశోధన మీది వ్యాసాన్ని అప్పటికే ఏదో పెద్ద సదస్సుకి పంపేశారు. విన్నాక, దాన్ని వెనక్కి తెప్పించుకోవాల్సిన ఉత్తరం రైలుబండి చేతే రాయించారు. కారణం దగ్గర రైలుబండి సాంకేతిక లోపం అని రాస్తే, ఆ రెండు మాటలూ కొట్టేసి, నీ వేలికి సాంకేతికం ఏమిటి, ఉన్నదున్నట్టు రాయి అన్నారు. అరవై పళ్లూ మళ్లీ మొదటి నుంచి. మళ్లీ మూడు వారాల పెంపకం. పరీక్షకి ఆర్నెల్లు ఆగాల్సిందే. ఇంట్లో ఎందుకని అడిగితే, పెద్దమ్మకి కూడా నిజమే చెప్పింది. పెద్దమ్మ, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఒక్క ముక్క అని ఊరుకుంది. ఎప్పుడూ ఊరుకునే మనిషి కాదు, అదే భరించలేకపోయింది.

గురువారం దర్జీ వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేశాడు. మత్తుసూది పడి సగం పెదవి వేలాడుతోంది. పెద్ద డాక్టరుగారు గోడవైపు తిరిగి చేతులు కడుక్కుంటూ నిలబడ్డారు, ఎంతకీ తిరగలేదు. రైలుబండి కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పింది. ల్యాబులో పళ్లు కడిగింది తనేననీ, కొన్నిటిని పూర్తిగా కడగకుండానే కడిగానని రాసిందనీ, ఆ రాత నమ్మి డాక్టరుగారు ఆయన పన్ను తెరిచారనీ. తప్పంతా తనదేనంది. డాక్టరుగారి చేతిపనిలో ఏ లోటూ లేదంది.

దర్జీ ఆమెని తల నుంచి కాలిదాకా చూశాడు, గుడ్డ కొలిచినట్టు.

"అంటే, బాగున్న కుట్టుని విప్పించావన్నమాట," అన్నాడు. మత్తుకి మాట ఒక పక్కకి జారిపోతోంది.

"అవునండీ."

"విప్పిన కుట్టు మళ్లీ వేయొచ్చు. గుడ్డ మాత్రం మొదటిలా ఉండదు. అది తెలుసుగా?"

తెలుసు అన్నట్టు తలూపింది. దర్జీ వెనక్కి వాలాడు, నోరు తెరవబోయి మళ్లీ మూసేశాడు. గోడ దగ్గరున్న పెద్దాయనకేసీ, ఆమె చేతులకేసీ మార్చి మార్చి చూశాడు.

"ఇప్పుడు లోపల కడిగేది ఎవరు? నువ్వా, ఆయనా?"

"ఆయనేనండీ. నేను పక్కన నీళ్లు పీల్చే గొట్టం పట్టుకుంటాను, అంతే."

"అయితే సరే," అని దర్జీ నోరు తెరిచాడు.