చివర నేర్చుకున్నది

రెండువేల పద్నాలుగు, ఎండాకాలం. పొద్దున్నే మేస్త్రి గొంతెత్తి పేపరు చదవడం, ఇంటిల్లిపాదీ వినడం ఆ ఇంట్లో మామూలు. ఇటుక పని మానేశాక, అరవై దాటాక, మనవరాలు రాత్రిళ్ళు కూర్చోబెట్టి నేర్పిన చదువు అది. అందుకే టెండరు ప్రకటనలు కూడా వదిలేవాడు కాదు.

ముందుగదిలో పాత కంప్యూటరు ఉండేది. పని బరువెక్కితే, పక్కన కూర్చున్న మనిషి చివరగా నేర్చుకున్నదేదో అది అరువు తీసుకునేది; పక్కన ఎవరూ లేకపోతే పని కదిలేదే కాదు. ఆపగానే తిరిగి ఇచ్చేసేది. ఒకసారి కొత్త క్రేను నడపడం పోతే, కొడుకు ఒక పూట సెలవు పెట్టాడు. పక్కింటాయన కొత్తగా నేర్చిన ఈల పోయినప్పుడైతే, "ఇంకాసేపు ఆపకండమ్మా, ప్రాణం హాయిగా ఉంది" అని ఆయన భార్యే వచ్చి బతిమాలింది.

రిపేరు అతను మూత విప్పి పెదవి విరిచాడు. "కొత్త పార్టు వేద్దామంటే ఈ బోర్డుకి పట్టదు. ఇంకో పెద్ద పని పెడితే మధ్యలోనే చచ్చిపోతుంది. అప్పుడు తీసుకున్నది తీసుకున్నట్టే, తిరిగి రాదు."

"కొత్తది కొనేద్దాం నాన్నా" అన్నాడు కొడుకు.

"నా వంతెన బొమ్మ కొత్తదాంట్లో తెరుచుకోదు" అంది మనవరాలు. "సోమవారం ఇంటర్వ్యూలో చూపించకపోతే ఉద్యోగం రాదు. మళ్ళీ గీయాలంటే నెలలు పడుతుంది."

"అయితే కాగితం మీదికి రప్పించు. తర్వాత కొత్తది కొందాం" అన్నాడు మేస్త్రి.

"పక్కన ఎవరు కూర్చుంటారు? నేనైతే వంతెన లెక్కలే పోతాయి. నాన్నకి క్రేను, అమ్మకి ఆస్పత్రిలో కొత్త మిషను."

"పక్కింటాయన్ని పిలుద్దామా?" అంది కోడలు.

"మనింటి పనికి పక్కింటి ఈల ఎందుకమ్మా? నేను కూర్చుంటా."

మనవరాలి మొహం మాడిపోయింది. "తాతయ్యా, నీకు చివర వచ్చింది..."

"తెలుసు. నేర్పిందానివి నువ్వే, పట్టుకుపోయేదీ నీ పనే. మీట నొక్కి బయటికి నడువు."

కుర్చీ దగ్గరికి లాక్కుని, గోడ కడుతున్నప్పటిలా నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. కాగితాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆఖరిది బయటపడగానే కాలిన వాసన వచ్చి, కంప్యూటరు ఆరిపోయింది. మనవరాలు లోపలికి వచ్చింది.

మేస్త్రి బొమ్మ మీద బొటనవేలు నడిపాడు. "కాళ్ళు గట్టిగా దించావే! ఈ మూలన ఏదో గీకావు, ఏమిటది?"

"నా పేరు తాతయ్యా."

"ఆహా" అని కాగితాలు జాగ్రత్తగా చుట్టి ఇచ్చాడు.

ఆమెకి ఉద్యోగం వచ్చింది. కొత్త కంప్యూటరు ఎవరినీ ఏమీ అడగదు. పొద్దున పేపరు ఇప్పుడు కొడుకు చదువుతాడు, టెండర్లు వదిలేసి తిట్లు తింటాడు. మనవరాలు మళ్ళీ రాత్రిళ్ళు పలక పట్టింది గానీ, దిద్దించినవి తెల్లారేసరికి ఉండేవి కావు.

మేస్త్రికి అక్షరాలు తిరిగి రాలేదు.