ఎరువు కుప్పకు దాహం

ఉత్తరం వచ్చేసరికి ఆమె రెండు చేతులూ మోచేతుల దాకా ఎరువు కుప్పలో ఉన్నాయి. ప్రాంగణాధికారి ఆఫీసు బంట్రోతు వచ్చి, ముక్కు మూసుకోవాలా అక్కర్లేదా అని ఒక్క క్షణం గాలి పీల్చి చూసి, అక్కర్లేదని తేల్చుకుని కవరు అందించబోయాడు. ఆమె చేతులు చూపించింది. అతను కవరు కుప్ప పక్కనున్న బకెట్ మీద పెట్టి, సంతకం కోసం పుస్తకం తెరిచాడు.

"వేలిముద్ర వేస్తారా పోనీ?" అన్నాడు.

"వేస్తాను గానీ, మీ పుస్తకంలో మొక్క మొలిస్తే నన్ననకండి."

ఇంతలో వంటశాల మెట్ల మీంచి వాళ్ల బృందానికి పెద్దగా ఉన్న అమ్మాయి పరుగున వచ్చింది. లెక్కల శాఖలో ఆఖరి ఏడాది చదువుతున్న ఆ అమ్మాయిని అందరూ 'పట్టిక' అనే పిలుస్తారు. బకెట్లు మోసే వంతుకీ పట్టికే, చేతి తొడుగులు ఉతికే వంతుకీ పట్టికే. ఒకసారి జలుబు చేస్తే తుమ్ములకి కూడా గడులు గీసిందని చెప్పుకుంటారు. అలాంటి మనిషి కవరుని వంకరటింకరగా చింపింది.

"వంటశాల వెనుక స్థలం విద్యార్థుల పర్యావరణ బృందానికే ఉంచడమైనది," అని చదివి ఆగింది. గొంతు సవరించుకుని మళ్లీ మొదటి నుంచి చదివింది. వాహనాలు నిలిపే చోటు వ్యాయామశాల వెనక్కి మారిందట. బృందానికి ఓపికుంటే కొత్త హాస్టలు వంటశాల చెత్త కూడా ఇకపై వాళ్లే తీసుకోవచ్చట.

ఆమె ఎరువు చేతులతోనే పట్టికని కావలించుకుంది. పట్టిక తెల్ల చొక్కా వీపు మీద పది వేళ్లూ అచ్చుపడ్డాయి. ఎప్పుడూ ఇస్త్రీ నలగనివ్వని ఆ పిల్ల ఆ రోజు తనే ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఆ పది వేళ్ల వెనుక పదిహేను రోజుల భయం ఉంది. ఆ భయానికి కారణం కూడా ఆ వేళ్లే.

ఆమె విశ్వవిద్యాలయంలో చేరడమే మూడు వారాలు ఆలస్యంగా చేరింది. పెళ్లి హడావిడి. వచ్చేసరికి తరగతిలో జట్లు కుదిరిపోయాయి, బెంచీలు ఖాయమైపోయాయి. ఎవరితో మాట కలపాలో తెలియక నోటీసు బోర్డు ముందు నిలబడ్డ రోజున ఒక చిన్న కాగితం కనబడింది. 'చెత్త మీద ప్రేమ ఉన్నవాళ్లు కావాలి. వంటశాల వెనక్కి రండి.'

ఆమె ఆ రోజుల్లో దేన్నైనా ప్రేమించే స్థితిలో ఉంది. ఇంట్లో ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదాని భుజం మీద ఒకటి వాలి కనబడితే, పొద్దున్నే నవ్వు వచ్చేది. కుక్కరు మూత మొదటిసారి సరిగ్గా పట్టిందని వీధి చివరి దాకా పరుగెత్తి భర్తకు చెప్పి వచ్చిన మనిషి. అలాంటి మనిషికి చెత్త ఒక లెక్కా?

వెళ్లింది. పదకొండు మంది ఉన్నారు. ఆమె పన్నెండోది. చేరిన రోజే 'పెళ్లికూతురు' అని పేరు పెట్టేశారు. పని సులువే. వంటశాల నుంచి రోజూ నాలుగు బకెట్ల కూరగాయల తొక్కలు, టీ పొడి పిప్పి, కోడిగుడ్డు పెంకులు తేవాలి. ఒక పొర చెత్త, ఒక పొర ఎండుటాకులు వేయాలి. మూణ్నాలుగు నెలలకి నల్లటి ఎరువు దిగుతుంది. వారం తిరిగేసరికి ఆమెకి మధ్యాహ్నం భోజనం పక్కన కూర్చుని తినడానికి పదకొండు మంది దొరికారు. అందుకే ఆ కుప్ప ఆమెకి కుప్ప కాదు.

ఎండలు ముదిరాక కుప్ప ఎండిపోయింది.

"పిండిన గుడ్డలా ఉండాలి," అంది పట్టిక. "ముట్టుకుంటే తడి తెలియాలి, పిసికితే చుక్క కారకూడదు. పెళ్లికూతురా, తడి సంగతి నువ్వు చూసుకో."

చూసుకోమంటే ఆమె మామూలుగా చూసుకుంటుందా? కుప్ప పక్కన నీళ్ల డ్రమ్ము పెట్టించింది, దాని మీద ఒక చెంబు బోర్లించింది. అట్టముక్క మీద రంగు పెన్సిళ్లతో రాసి కుప్పలో గుచ్చింది. 'నాకు దాహంగా ఉంది. దారిన పోతూ ఒక్క చెంబుడు నీళ్లు పోయరూ? ఇట్లు, మీ ఎరువు కుప్ప.' చివర ఒక బొమ్మ కూడా వేసింది, నాలుక బయటపెట్టిన కుప్ప. చూసిన ప్రతివాళ్లూ ముద్దుగా ఉందన్నారు.

మూడు వారాలకి కంపు మొదలైంది.

మామూలు కంపు కాదు. వంటశాల కిటికీలు మూసేశారు. వంట మాస్టారు నడుముకి తువ్వాలు బిగించి బయటికి వచ్చాడు.

"అమ్మాయ్, ముప్పై ఏళ్లుగా ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఒక్కనాడు కన్నీళ్లు పెట్టలేదు. నిన్న మీ కుప్ప పెట్టించింది."

"మాస్టారూ, ఒక్క వారం ఓపిక పట్టండి."

"నేను పడతాను. నా ముక్కు పట్టొద్దూ?"

మాట ప్రాంగణాధికారి దాకా పోయింది. ఆయన ఎప్పట్నించో ఆ స్థలంలో వాహనాలు నిలపాలని చూస్తున్న మనిషి. వచ్చాడు, దూరంగానే నిలబడ్డాడు, చేతి గడియారం చూసుకున్నాడు.

"పదిహేను రోజులు. వాసన పోతే చోటు మీది. పోకపోతే స్కూటర్లది," అని వెళ్లిపోయాడు.

చోటు పోతే బృందం ఉండదు. అందరికీ తెలుసు. బకెట్లు లేని రోజున ఆ పన్నెండు మందీ ఎక్కడ కలుస్తారు? పట్టిక రాత్రికి రాత్రే అనుమానితుల జాబితా తయారు చేసింది. ఉల్లి తొక్కలు, గుడ్డు పెంకులు, ఎవరైనా దొంగచాటుగా కలిపిన మిగులు కూర. ఒక్కొక్కటీ రెండేసి రోజులు ఆపి చూశారు. కంపు ఇసుమంత కూడా తగ్గలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం ఆమె ఏమీ తోచక వంటశాల మెట్టు మీద ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. తరగతులు వదిలారు. జనం ఆ దారినే హాస్టలుకి పోతున్నారు. ఒక అబ్బాయి ఆగి, అట్ట చదివి, నవ్వి, చెంబుడు నీళ్లు పోసి పోయాడు. వెనకే ఇద్దరమ్మాయిలు, చెరో చెంబు. ఒక లావుపాటి ప్రొఫెసరు గారు పుస్తకాలు చంకలో పెట్టుకుని మరీ పోశారు. ఒకడు టిఫిను డబ్బా కడిగి ఆ నీళ్లు కూడా దానికే ధారపోశాడు. అరగంటలో నలభై ఒక్క చెంబులు.

ఆమె ముక్కు గుడ్డ విప్పేసి లేచి నిలబడింది. కుప్పని చంపింది ఉల్లి తొక్కలు కాదు. తన అందమైన అట్టముక్క. ఊరంతా ప్రేమగా ముంచేశారు దాన్ని.

సాయంత్రం భర్త పని నుంచి వచ్చాడు. అతనిది కొయ్య సామాన్లు చేసే కార్ఖానాలో బల్లల నమూనాలు గీసే ఉద్యోగం. ఇంటికి రాగానే గుమ్మంలో నిలబెట్టి చొక్కా మీది పొట్టు దులపడం ఆమెకి ఇష్టమైన పని. జుట్టులోంచి ఏరేటప్పుడు కావాలనే ఆలస్యం చేస్తుంది. ఆ రోజు మాత్రం దులుపుతూ దులుపుతూ ఆగిపోయింది.

"ఏమండీ."

అతను బెదిరిపోయాడు. ఏదైనా తప్పు చేసిన రోజునే ఆమె అతన్ని 'ఏమండీ' అంటుంది.

"ఏం పగలగొట్టావ్?"

అంతా చెప్పింది. అతను మొదట నవ్వాపుకున్నాడు, టిఫిను డబ్బా దగ్గరకొచ్చేసరికి ఇక వల్ల కాలేదు.

"నన్నూ అలాగే పెంచుతున్నావు కదా. వద్దంటున్నా మూడోసారి వడ్డించి. చూడు, చొక్కా గుండీలు ఎలా మొత్తుకుంటున్నాయో."

"నీకు నవ్వులాటగా ఉంది. అక్కడ పదకొండు మంది కొంప ముంచాను నేను."

అతను నవ్వు ఆపాడు. ఆమె అరచేతిలో మిగిలిన పొట్టుని వేలితో కదిపాడు.

"తడి ఎక్కువైతే పొడి కలపాలి, అంతేగా. మా దగ్గర చిత్రిక పట్టగా రాలిన పొట్టు బస్తాల కొద్దీ పడుంటుంది. ప్లైవుడ్ పొట్టు వద్దు, దాన్లో జిగురుంటుంది. ఉత్త కొయ్యది నేనే విడిగా ఎత్తిస్తాను."

"ఎప్పటికి?"

"పొద్దున్నే. కానీ నీ వాళ్లకి చెప్పడం మాత్రం నీ పనే."

అదే కష్టమైన పని. మర్నాడు పదకొండు మంది ముందు నిలబడి, అట్టముక్క చేతిలో పట్టుకుని, తల దించుకుని చెప్పింది. అందరూ పట్టిక వైపు చూశారు. పట్టిక తన పుస్తకం తెరిచి చాలాసేపు ఏదో గీసుకుంది.

"నన్ను తీసేస్తున్నావా?" అని అడిగింది ఆమె.

"అరగంటకి నలభై ఒకటైతే రోజుకి ఎన్ని చెంబులో లెక్క వేస్తున్నాను," అంది పట్టిక తలెత్తకుండా. "అందులో నావే నాలుగు. వస్తూ రెండు, పోతూ రెండు. మిగతావాళ్లు మాట్లాడరేం?"

అప్పుడు ఒక్కొక్కరూ నసిగారు. ఒకడు మూడన్నాడు. ఇంకొకామె, మిగతావాళ్లు మర్చిపోతారేమోనని తను ఐదు పోసేదాన్నని ఒప్పుకుంది. అంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఆ కంపులో నోరు తెరిచి నవ్వడం ఎంత సాహసమో తర్వాత తెలిసింది.

పని మాత్రం నవ్వులాట కాదు. కుప్పనంతా పారలతో పక్కకి లాగారు. అడుగున నల్లటి బురద, గిలకొట్టినట్టు జావలా ఉంది. కింద కట్టెపుల్లలు అడ్డదిడ్డంగా పరిచారు, గాలి ఆడడానికి, నీరు దిగడానికి. ఒక పార బురదకి రెండు పారల పొట్టు కలిపి మళ్లీ పేర్చారు. భర్త తెచ్చిన తొమ్మిది బస్తాలూ ఆ పూటకే అయిపోయాయి, కుప్పలో సగం ఇంకా మిగిలే ఉంది.

అప్పుడు ఆమె డ్రమ్ము ఒంపేసి, చెంబు వంటశాలకి ఇచ్చేసి, ఇంకో అట్ట రాసింది. 'నా దాహం తీరింది. తీరడమేమిటి, మునిగాను. ఇక నీళ్లు వద్దు. దారిన పోతూ గుప్పెడు ఎండుటాకులు తెచ్చిపెట్టరూ?'

మంచి మనసుతో ముంచినవాళ్లే మంచి మనసుతో తేల్చారు. మధ్యాహ్నానికి పుస్తకాల సంచుల్లో ఆకులు వచ్చాయి. లావుపాటి ప్రొఫెసరు గారు గొడుగు తిరగేసి దాన్నిండా తెచ్చారు. రోజూ ఆకులు ఊడ్చి తగలబెట్టే తోటమాలి బండి తోసుకొచ్చి, "ముందే అడగొచ్చుగా, ఇన్నాళ్లూ పొగ తాగి చస్తున్నాను," అని కుమ్మరించి పోయాడు. రెండు రోజులకొకసారి కుప్ప తిరగేశారు. తొమ్మిదో రోజుకి కంపు సగమైంది. పదకొండో రోజు పొద్దున్నే వచ్చి చూస్తే కుప్ప మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది. లోపల వేడెక్కిందన్నమాట, ప్రాణం వచ్చిందన్నమాట. ఆమె పసిబిడ్డకి జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి అక్కడే నిలబడిపోయింది.

పద్నాలుగో రోజు ప్రాంగణాధికారి జేబురుమాలు సిద్ధంగా పట్టుకుని వచ్చాడు. నాలుగడుగుల దూరంలో ఆగాడు. రెండడుగులకొచ్చాడు. ఆఖరికి వంగి వాసన చూశాడు.

"ఇదేంటి, వానపడ్డ మట్టి వాసన వస్తోంది? ఏం చల్లారు?"

"ఏం చల్లలేదండీ. చల్లడం మానేశాం," అంది ఆమె.

ఆయనకి అర్థం కాలేదు. వెనుక వంటశాల కిటికీ రెక్క కిర్రుమని తెరుచుకుంది. వంట మాస్టారు తల బయటపెట్టాడు.

"రాసుకోండి సార్. ఈ పూట నన్ను ఉల్లిపాయలూ ఏడిపించలేదు, కుప్పా ఏడిపించలేదు."

మర్నాడే ఉత్తరం.

ఇప్పుడు పన్నెండు మందీ కుప్ప చుట్టూ చేరారు. ఉత్తరం చేతులు మారుతోంది, ప్రతి చేతి దగ్గరా ఒక మరక పెరుగుతోంది. కొత్త హాస్టలు సంగతి ఎప్పుడు మొదలుపెడదామన్న మాట వచ్చింది. పరీక్షలయ్యాక అన్నాడొకడు. వచ్చే నెల అంది ఇంకొకామె. ముందు పట్టిక గీయాలి అంది పట్టిక.

ఆమె చేతులు దులుపుకుని బకెట్ బోర్లించి దాని మీద ఎక్కింది. ఎనిమిది రోజుల కిందట అదే చోట తల దించుకు నిలబడ్డ మనిషి.

"పరీక్షలు లేవు, నెల లేదు. రేపు పొద్దున్న ఆరున్నరకి కొత్త హాస్టలు వంటశాల వెనుక గుమ్మం దగ్గర కలుద్దాం. ఆరు బకెట్లు తేవాలి. వంట మాస్టారు అక్కడి మాస్టారికి ఇప్పుడే ఫోన్ చేసి చెబుతారు. పొట్టు బస్తాలతో మా ఆయన ముందే వచ్చి ఉంటాడు. ఆలస్యమైనవాళ్ల చేత అడుగు పొర కలిపిస్తాను."