కవరు ఎవరు తుడిచారు?

"దొంగ!" అని యజమాని ఎనిమిది మంది హమాలీల ముందు అరిచేసరికి అక్క చేతిలో బకెట్టు ఆగిపోయింది. ఆ మాట పడింది ఆమె తమ్ముడి మీద.

గోదాములోని ఏడు పికప్ బండ్లకు వెనక కప్పే రెగ్జిన్ కవర్లను కడగడం, ఆరబెట్టడం, వాటిని బిగించే పక్క పట్టాల్లో ఇసుక దులపడం ఆమె పని. వాటిలో ఒక బండిని తమ్ముడు నడుపుతాడు. ఆ రోజు కంటి ఆపరేషన్లకు వాడే లెన్సులు, పన్నెండు పెట్టెలు, తెచ్చాడు. కవరు తీస్తే పదకొండే ఉన్నాయి.

"నేను బండి ముట్టుకుంటే ఒట్టు సార్," అన్నాడు మేనేజరు. "వీడు పైన మీతో సంతకం పెట్టించుకుంటున్నంతసేపూ నేను నా గదిలోనే ఉన్నా. పన్నెండోది దారిలోనే దించేసుంటాడు."

జుట్టు నుంచి బూట్ల దాకా నిగనిగలాడే మనిషి. ఆయనలో మెరవనిది బుర్ర ఒక్కటేనని హమాలీలు నవ్వుకునేవారు. అక్క నవ్వేది కూడా కాదు. అంత విలువ ఇవ్వడం ఎందుకని.

యజమాని ఫోన్ తీశాడు. "పోలీసులతోనే చెప్పుకో."

తమ్ముడు ఆమె వైపు తిరిగాడు. "అక్కా, నేను తియ్యలేదే!"

"నోరు మూసుకుని నిలబడు." ఆమె బండి దగ్గరికి నడిచింది.

నలభై కిలోమీటర్ల గతుకుల దారి. అద్దం, తలుపులు, చక్రాలు మట్టి కొట్టుకుపోయాయి. కవరు మాత్రం పెళ్ళికొడుకులా తళతళలాడుతోంది. వేలితో రుద్ది చూసింది. జిడ్డు. నిమ్మకాయ వాసన. కార్ల లోపల పూసే పాలిష్.

"దారిలో కవరు తుడిచావా?"

"నేనా? మొహమే తుడుచుకోలేదక్కా!"

"సార్, ఫోన్ ఒక్క నిమిషం ఆపండి," అందామె. "దీన్ని పొద్దున కడిగింది నేను. సబ్బునీళ్ళు తప్ప ఏదీ రాయను. జిడ్డు పూస్తే కుట్ల దగ్గర పగులుతుంది. ఎవరో పాలిష్ కొట్టారు. దారిలో కొట్టుంటే ఆ దుమ్మంతా దీనికే అతుక్కునేది. చూడండి, రవ్వంతైనా లేదు. అంటే బండి ఇక్కడ ఆగాకే కొట్టారు. మావాడు దిగగానే మీ దగ్గరికొచ్చాడు. మీరే మేడ మీంచి చూశారు. మళ్ళీ మీతోనే కిందికి దిగాడు."

యజమాని ఫోన్ కిందికి దిగింది.

"శుభ్రంగా ఉంటే అదీ తప్పేనా?" మేనేజరు గొంతు లేచింది. "దుమ్ము కొట్టుకుపోయి చూడ్డానికి అసహ్యంగా ఉంటే, ఏదో కాస్త తుడి..."

ఆగాడు. ఆలస్యమైపోయింది.

"ముట్టుకుంటే ఒట్టన్నావ్?" అన్నాడు యజమాని.

"గొళ్ళాలు తీస్తే దుమ్ములో వేళ్ళ గుర్తులు పడ్డాయి," అందామె. "వాటిని చెరపాలనుకున్నాడు. తడిగుడ్డ చాలు. ఈయన కంటికి తడిగుడ్డ ఆనదు కదా, పాలిష్ కావాలి. దొంగతనం కూడా చేతకాని మనిషికి గోదాము అప్పగించారు."

హమాలీల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు మేనేజరు గదిలోకి దూరి, బల్ల కింద నుంచి పాత చొక్కా చుట్టిన పెట్టెతో బయటికొచ్చాడు. సీలు కూడా తెగలేదు. మేనేజరు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. చెమటకు నుదుటి నూనె కళ్ళలోకి దిగింది.

యజమాని పెట్టె అందుకుని తమ్ముడి భుజం తట్టాడు. "సరే, అయిందేదో అయింది. పైకి రా, లోపల మాట్లాడుకుందాం."

తమ్ముడు అప్పుడే కదలబోయాడు. వెర్రివాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"దొంగ అన్నది లోపల కాదుగా సార్."

యజమాని నేల చూశాడు. బూటు కొనతో మట్టిని గీకాడు. "పొరపాటైంది," అని గొణిగాడు.

"హమాలీలకు వినబడలేదు," అంది అక్క.

ఎనిమిది మందీ మూటలు దించేసి నిలబడ్డారు. యజమాని గొంతు సవరించుకున్నాడు.