అన్నయ్యదా, చెల్లెలిదా

ఉదయం ఎనిమిదింటికి పిన్ని కాఫీ కప్పు పక్కన పెట్టి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, "అవునే చిట్టీ, ఇవాళ నిన్ను ప్రశ్నలడగడానికొచ్చే ఆవిడ పేరు ఇందులో ఎక్కడా లేదేంటి?" అంది.

పిన్ని ముప్ఫై ఏళ్ళపాటు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. రిటైరైనా కన్ను ఊరుకోదు. మందు సీసా మీది చీటీ, కరెంటు బిల్లు వెనక షరతులు, ఏది దొరికితే అది చదివి తప్పులు పడుతుంది. చిట్టి వైవాకి తోడుంటానని నిన్ననే సంచీతో దిగింది. బల్ల మీద కనబడిన రెండువందల నలభై పేజీల థీసిస్ తీసుకుని, నేరుగా చివరనున్న రిఫరెన్సుల జాబితా తెరిచింది. తప్పులన్నీ జనం ఓపిక అయిపోయిన చోటే దాక్కుంటాయని ఆవిడ నమ్మకం.

"ఉంటుంది పిన్నీ. ఆవిడ పద్ధతి మీదే కదా నా పనంతా నడిచింది. ఇంటిపేరు దగ్గర చూడు," అంది చిట్టి, ఇస్త్రీ చేసుకుంటూనే.

"ఇంటిపేరు ఉంది. మనిషే వేరు. ఎవరో మగాయన."

చిట్టి ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చి చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు చూసింది.

చిట్టి పరిశోధన బంకమట్టి నేలల మీద. ఎండకి అవి ఎలా పగులుతాయి, ఆ పగులు ఎంత లోతుకి పోతుంది అన్నది విషయం. పగుళ్ళలోకి కరిగించిన మైనం పోసి, గట్టిపడ్డాక మట్టి తవ్వి ఆ అచ్చుని ఊడదీసి, లోతు కొలిచే పద్ధతిని 2009లో కనిపెట్టింది ఇవాళ రాబోయే ఎగ్జామినర్. ఆవిడకో అన్నయ్య ఉన్నాడు. ఆయనదీ అదే చదువు. అదే 2009లో ఆయన కూడా ఒక వ్యాసం రాశాడు, విమానం నుంచి తీసిన ఫొటోల్లో పగుళ్ళు లెక్కపెట్టడం గురించి. అన్నయ్య పెద్ద పెద్ద కమిటీల్లో కూర్చున్నాడు, పాఠ్యపుస్తకాలకెక్కాడు. ఆ ఇంటిపేరు వినగానే అందరికీ ఆయనే గుర్తొస్తాడు. చెల్లెలు మాత్రం పొలాల్లో మోకాళ్ళ మీద కూర్చుని మైనం పోస్తూనే ఉండిపోయింది.

డిపార్ట్‌మెంటులో అందరూ థీసిస్‌ని మామూలు వర్డ్ ఫైల్లో రాసుకుంటే, చిట్టి ఒక్కతే ఏ అలంకారాలూ లేని టెక్స్ట్ ఎడిటర్లో రాసింది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. ఎవరి వ్యాసాన్ని చెప్పాలన్నా వాక్యం చివర ఒక ట్యాగు పెడితే చాలు. ఆ ట్యాగు అంటే వాళ్ళ ఇంటిపేరు, పక్కన సంవత్సరం. వివరాలన్నీ వేరే ఫైల్లో ఉంటాయి. ఆఖర్న ఒక్క ఆదేశం ఇస్తే ప్రోగ్రామే ట్యాగులన్నీ ఏరి, జాబితా కట్టి, పుస్తకం చివర కూర్చోబెడుతుంది. చేత్తో చేసేవాళ్ళని చూసి చిట్టి జాలిపడేది కూడా.

ఆరు నెలల క్రితం గైడ్ గారు, "అన్నగారి పేరు లేకుండా థీసిస్ ఏంటమ్మా, బోసిగా ఉంటుంది. ఆయన వ్యాసం కూడా ఒకటి తగిలించు," అన్నారు. చిట్టి నెట్‌లో దొరికిన వివరాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఆ వివరాల ఫైలు మొదట్లో అతికించింది. ఆ ఇంటిపేరే, ఆ సంవత్సరమే కాబట్టి ట్యాగు కూడా అదే అయింది. ఒకే ట్యాగు ఇద్దరికుంటే ప్రోగ్రాము ముందు కనబడినవాళ్ళని తీసుకుని రెండోవాళ్ళని వదిలేస్తుంది. వదిలేసినట్టు ఒక హెచ్చరిక కూడా చూపించే ఉంటుంది. పనికిమాలిన హెచ్చరికలు రెండువందల పైచిలుకు వరసగా జారిపోతుంటే వాటిలో దీన్ని ఎవరు చూశారు?

పేజీల మధ్యలో చదివేవాళ్ళకి తేడా తెలియదు. ఇంటిపేరు, 2009 అనే ఉంటుంది. జాబితాకి వెళ్ళి చూస్తే మాత్రం అక్కడ ఉన్నది అన్నయ్య ఒక్కడే. మైనం పోసిన పద్ధతి, లోతు లెక్కలు, చిట్టి నాలుగేళ్ళ పనికి ఆధారమైన ప్రతి మాటా ఆయన ఖాతాలో పడింది. చెల్లెలి పేరు పుస్తకం మొత్తంలో లేదు. ఆ పుస్తకమే నెలక్రితం ఆవిడ చేతికి వెళ్ళింది.

చిట్టి గైడ్ గారికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, ఆ నల్లతెర యవ్వారం వద్దని," అన్నారాయన. "సరే. ఇప్పుడేమీ కెలక్కు."

"ఆవిడ చూసే ఉంటారు సార్. ఎవరైనా ముందు తమ పేరే వెతుక్కుంటారు కదా."

"చూస్తే అడుగుతుంది. అడిగితే పొరపాటైందను. అడక్కపోతే మన అదృష్టం. మనంతట మనం తప్పులున్నాయని చేతిలో కాగితం పెడితే, సవరణలు కావాలని రాస్తుంది. మళ్ళీ కమిటీ, మళ్ళీ నెలన్నర. ఒకటో తారీఖుకల్లా డిగ్రీ చేతిలో లేకపోతే నీ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఇంకా ఆరు రోజులుంది, గుర్తుందా?"

గుర్తులేకేం! ఆ ఉత్తర్వు కాగితం బీరువాలో చీరల మధ్య ఉంది.

ఫోన్ పెట్టేసి చిట్టి మంచం మీద కూలబడింది. పిన్ని సంచీలోంచి ఎర్ర పెన్సిలు తీసి, కత్తితో మొన చెక్కి, "ఎన్ని చోట్ల ఉంది?" అంది.

చిట్టి లేచి ఎడిటర్ తెరిచి, ఆ ట్యాగుని వెతకమంది. నలభై ఆరు.

వైవా పదకొండున్నరకి. అప్పుడు టైము ఎనిమిదీ నలభై.

అన్నిటినీ ఒక్క దెబ్బతో మార్చేయడం కుదరదు. అందులో నిజంగా అన్నయ్యవి కూడా కొన్ని ఉన్నాయి. చిట్టి నెలనెలా తేదీ వేసి దాచుకున్న పాత కాపీల్లోంచి, అన్నయ్య వ్యాసం చేర్చకముందు నాటిది బయటికి తీసింది. ఆ కాపీలో ఉన్న ప్రతి ట్యాగూ చెల్లెలిదే కావాలి. అవి ముప్ఫై ఎనిమిది లెక్క తేలాయి. చెల్లెలికి వేరే ట్యాగు పెట్టి ఒక్కొక్కటే మారుస్తుంటే పిన్ని అచ్చు పుస్తకంలో పేజీ వెతికి ఎర్ర టిక్కు పెట్టింది. చిట్టి రెండుసార్లు తప్పు వాక్యాన్ని చెరిపింది. "నెమ్మది. తొందరలో దిద్దిన తప్పు ఇంకో తప్పుని కంటుంది," అని పిన్ని పేజీ తిప్పింది.

మిగిలినవి ఎనిమిది. పిన్ని వాక్యం చదువుతుంది, చిట్టి చెబుతుంది.

"నూట పన్నెండో పేజీ. ఆకాశం నుంచి చూస్తే సన్న పగుళ్ళు లెక్కకి రావు... అన్నయ్యదా, చెల్లెలిదా?"

"అన్నయ్యది."

"నూట ముప్ఫై. మైనం చల్లారే లోపు..."

"చెల్లెలిది. తర్వాత?"

అలా ఏడు తేలాయి. అయిదు అన్నయ్యవి, రెండు చెల్లెలివి. ఎనిమిదో దాని దగ్గర చిట్టి ఆగిపోయింది. నూట డెబ్బై ఒకటో పేజీలో వాక్యం అది: వానకి మూసుకుపోయిన పగులు, మరుసటి ఏడు మళ్ళీ అదే చోట తెరుచుకుంటుంది. ఎవరి మాట ఇది? ఇద్దరి వ్యాసాలూ తెరిచి చూసింది. ఇద్దరూ రాశారు, ఇంచుమించు అవే మాటల్లో.

గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. జిరాక్స్ షాపుకి వెళ్ళి, ఏ పేజీలో మాట ఎవరిదో వరసగా రాసిన సవరణల కాగితం ప్రింటు తీసుకోవాలి, బట్టలు మార్చుకోవాలి, ఆటో దొరకాలి.

"ఆవిడకే వేసేద్దాం," అంది చిట్టి.

"ఎందుకు?"

"ఎదురుగా కూర్చునేది ఆవిడే కదా పిన్నీ."

పిన్ని పెన్సిలు పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత టిక్కు పెట్టింది గానీ, మిగతా వాటిలా గట్టిగా పెట్టలేదు.

సెమినార్ గది తలుపు దగ్గర గైడ్ గారు ఎదురయ్యారు. చిట్టి చేతిలో కాగితం చూడగానే ఆయన మొహం మాడిపోయింది. "సంచీలో పెట్టు దాన్ని," అన్నారు గొంతు తగ్గించి. చిట్టి పెట్టలేదు. పెట్టకపోవడం ధైర్యమేమీ కాదు. రెండు గంటలసేపు ఆ మనిషి ఎదురుగా కూర్చుని, అడుగుతుందా అడగదా అని చూడటం తనవల్ల కాదనిపించింది, అంతే.

ఎగ్జామినర్ పొట్టి మనిషి. గోళ్ళ అంచుల్లో మట్టి మరక. ఎన్నేళ్ళు కడిగినా పోనట్టుంది. చిట్టి నమస్కారం పెట్టి, "మేడమ్, మొదలుపెట్టే ముందు ఇది మీరు చూడాలి. మీ వ్యాసం నా జాబితాలో లేదు. తప్పు నాదే," అంటూ కాగితం అందించింది.

ఆవిడ దాన్ని పైనుంచి కిందికి చూసి, థీసిస్ కింద పెట్టింది. "మొదలుపెట్టండి," అంది.

ఆ రెండు గంటలూ చిట్టికి చెమటలు పట్టించింది ఆవిడ. మైనం ఎంత వేడి మీద పోశారు, అచ్చు విరిగితే లెక్కలోంచి తీసేశారా ఉంచారా, తీసేస్తే ఎందుకు చెప్పలేదు. ఒక్క ప్రశ్నకీ తల ఊపలేదు, బాగుందనలేదు. గైడ్ గారు మంచినీళ్ళ గ్లాసు మూడుసార్లు నింపుకున్నారు. ప్రశ్నలయిపోయాక ఆవిడ ఆ కాగితం బయటికి తీసి బల్ల మీద పరిచింది.

"ఇలాంటివి నా చేతికొచ్చిన వాటిలో ఇది నాలుగోది," అంది. "మిగతా ముగ్గురూ నేనడిగాక, అయ్యో చూసుకోలేదన్నారు. ఆ థీసిస్‌లు ఇప్పటికీ లైబ్రరీల్లో అలాగే ఉన్నాయి."

ఆవిడ వేలు కాగితం మీద కిందికి జారుతూ వెళ్ళి ఒకచోట ఆగింది.

"నూట డెబ్బై ఒకటి. ఇది నాకెందుకు వేశారు?"

"మీరిద్దరూ రాశారు మేడమ్..."

"నేను రాశాను. కింద చిన్న అక్షరాల్లో, ఈ సంగతి మా అన్నయ్య చెప్పాడు అని కూడా రాశాను. చదివారా?"

"లేదు."

"మరి నాకెందుకు వేశారు?"

గైడ్ గారు దగ్గారు. టైము చాలక అని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. చిట్టి బల్ల అంచు పట్టుకుంది.

"మీరు ఎదురుగా కూర్చుంటారని," అంది.

ఎగ్జామినర్ చిట్టిని చాలాసేపు చూసింది. కోపం కాదు, మరేదో.

"మా అన్నయ్యకీ జనం ఇలాగే వేశారమ్మా," అంది నెమ్మదిగా. "ఆయనెప్పుడూ ఎదురుగా ఉండేవాడు. ఆయన అడిగి తీసుకున్నది ఒక్కటీ లేదు. వద్దన్నదీ లేదనుకోండి." పెన్ను తీసి ఆ వరస కొట్టేసింది. "ఇది ఆయనది. నాకొద్దు."

తర్వాత గైడ్ గారి వైపు తిరిగింది. "సవరణలు కావాలని రాస్తే మీ కమిటీకి ఎన్నాళ్ళు పడుతుంది?"

"నెలన్నరండీ," అన్నారాయన నీరసంగా.

"నా బండి ఐదున్నరకి. నాలుగింటిలోగా సరిచేసిన పుస్తకం నా ముందు పెడితే, నలభై ఆరు చోట్లూ నేనే చూసి, నా ఎదుటే దిద్దారని, ఇక కమిటీ అక్కర్లేదని రాసి సంతకం పెడతాను. ఒక్కటి తేడా ఉన్నా పెట్టను. నాకు మొహమాటాలు లేవు."

చిట్టికి మెట్లు దిగింది గుర్తులేదు. కారిడార్లో కూర్చున్న పిన్ని పరుగులాంటి నడకతో వెంటొచ్చింది. డిపార్ట్‌మెంటు కంప్యూటర్లో, వెంట తెచ్చిన ఫైలు తెరిచి చిట్టి ఆ ఒక్క ట్యాగు మార్చింది, ఆదేశం ఇచ్చింది. హెచ్చరికలు బిలబిలా రాలాయి. ఈసారి ఇద్దరూ ప్రతి వరసా చదివారు. అన్నయ్యా చెల్లెలూ జాబితాలో ఒకరి కింద ఒకరు వేరువేరుగా వచ్చారు. వాక్యాల్లో సంవత్సరం పక్కన ఒకరికి ఒక అక్షరం, రెండోవాళ్ళకి ఇంకో అక్షరం పడ్డాయి. జిరాక్స్ షాపావిడ మిగతా పనులన్నీ పక్కన పడేసి ప్రింటు తీసి, బైండు ఆరకముందే చేతిలో పెట్టింది.

మూడూ యాభైకి పుస్తకం బల్ల మీద ఉంది. ఎగ్జామినర్ పేజీ పేజీ తిప్పింది. నలభై చోట్ల చెల్లెలు, ఆరు చోట్ల అన్నయ్య. నూట డెబ్బై ఒకటి దగ్గర ఎక్కువసేపు ఆగింది. నాలుగూ నలభై ఐదుకి సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టుకుంది.

"ఒక కాపీ మా అన్నయ్యకి కూడా పంపండి," అంటూ చీటీ మీద చిరునామా రాసిచ్చింది. "చూపు తగ్గింది, చదవలేడు. ఆరు చోట్ల ఉన్నావని ఫోన్లో నేను చెప్తాలెండి."

గైడ్ గారు ఆవిడ పెట్టె మోసుకుంటూ ఆటో దాకా వెళ్ళారు. చిట్టి చీటీని థీసిస్‌లో పెట్టి, అప్పటిదాకా గుర్తురాని ఆకలితో పిన్ని భుజం మీద తల వాల్చేసింది.