మ్యాపులో కనిపించని చెల్లెలు

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం రెనాటా ఊరి పక్క సరస్సులో గడ్డకట్టిన బే మీద, తండ్రి వదిలిపోయిన పాత గుడారంలో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. మంచులో బరమాతో తొలిచిన రంధ్రంలోకి గేలం వదిలి చాలాసేపయింది. ఈరీ ఊళ్లో పుట్టిన ఆడపిల్లలు ఈ పని చేయరని కాదు గానీ, ఆమె అక్కలిద్దరూ మాత్రం ఎన్నడూ చేయలేదు. నాన్న ఉన్నన్నాళ్లూ ఆయన వెంట వచ్చేది ఆమె ఒక్కతే. విడాకులైన రెండేళ్లకు, నలభై నాలుగో ఏట, ఆ గుడారం మళ్లీ దులిపి బయటికి తీసింది. ఇది మూడో వారం. పక్కన సంచిలో నాలుగు పెర్చ్ చేపలున్నాయి. మనసులో ఒక్క ఆలోచన కూడా లేదు. అలా లేకపోవడం ఎంత హాయిగా ఉందో కూడా ఆమె ఆలోచించలేదు.

అంతలో బయట బండి చప్పుడయింది. గుడారం జిప్పు సర్రున లేచింది. నారింజ రంగు సూట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు, తాళ్లూ, మంచు మీద లాగే స్లెడ్జీతో సహా వంగి లోపలికి తొంగిచూశారు.

"రెనాటా జబ్లాన్‌స్కీ మీరేనా?"

"నేనే."

"బానే ఉన్నారా?"

"ఇప్పటిదాకా బానే ఉన్నానండీ. ఏమైంది?"

వాళ్లలో పెద్దాయన హెల్మెట్ తీసి చెమట తుడుచుకున్నాడు. ఆమె అక్కగారు ఎమర్జెన్సీకి ఫోన్ చేసిందట. చెల్లెలు నీళ్ల మధ్యలో ఉంది, కదలడం లేదు, ఫోన్ ఎత్తడం లేదు అని చెప్పిందట. ఫోనులోని మ్యాపులో అలాగే కనిపిస్తోందట మరి. మ్యాపుకు నీళ్లు తెలుసు గానీ, ఆ నీళ్లు అడుగు మందాన గట్టిపడ్డాయని తెలియదు. రెనాటా భోజనం సంచి అడుగు నుంచి తన ఫోను తీసి చూసుకుంది. బెర్నడెట్, బెర్నడెట్, బెర్నడెట్. తెర నిండా అక్క పేరే.

ఆ మనుషులు మర్యాదస్తులు. పోన్లెండి, మునిగిపోయాక రావడం కంటే ఇదే నయం కదా అని వెళ్లిపోయారు. కానీ చుట్టుపక్కల గుడారాల వాళ్లందరూ బయటికొచ్చి చూస్తున్నారు. వాళ్లలో లడ్ అనే ముసలాయన ఆమె తండ్రికి స్నేహితుడు. ఆయన చేతిలో కాఫీ కప్పుతో నింపాదిగా దగ్గరికొచ్చాడు.

"ఇంకనించి నీ పక్కనే గుడారం వేస్తానమ్మా. నేను జారిపడ్డా మీ అక్క చూసుకుంటుంది."

అందరూ నవ్వారు. రెనాటా కూడా నవ్వాలని చూసింది. రాలేదు. గుడారం మడిచి, స్లెడ్జీ లాక్కుంటూ ఒడ్డుకొచ్చి, బూట్లయినా మార్చుకోకుండా తిన్నగా అక్క ఇంటికి వెళ్లింది.

బెర్నడెట్ హైస్కూలు ఆఫీసులో పనిచేస్తుంది. ఏ పిల్ల బడికి రాలేదో, ఎందుకు రాలేదో పొద్దున్నే ఇళ్లకు ఫోన్లు చేసి కనుక్కోవడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం ఆమెను వదలదు. రెండేళ్ల క్రితం, విడాకులైన కొత్తలో, రెనాటా కారు మంచు తుపానులో జారి రోడ్డు పక్క కాలవలో పడింది. ఎవరో చూసేదాకా ఆమె ఆ చలిలోనే కూర్చుంది. ఆ వారమే బెర్నడెట్ ఆమెకు కొత్త ఐఫోన్ కొనిచ్చి, తన ప్లానులో చేర్చి, అందరూ ఎక్కడున్నారో చూపించే మ్యాపులో పెట్టింది. అప్పుడు రెనాటాకు కళ్లనీళ్లొచ్చాయి. తనెక్కడుందో పట్టించుకునే మనిషి లోకంలో ఒకరున్నారు కదా అనిపించింది.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. కిరాణా కొట్లో ఇంతసేపేం చేస్తున్నావు? ఆ వీధిలో నీకెవరున్నారు? కారు చావెజ్ అనే డాక్టరు ఆఫీసు ముందు ఆగింది, ఒంట్లో బాలేదా? ఒకసారి రెనాటా విసిగిపోయి తన జాడ కనిపించకుండా ఆపేసింది. అది కూడా అక్కకు తెలిసిపోయింది. పావుగంటలో కారేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. గడియ పెట్టుకుంటే తలుపు తట్టేవాళ్లతో గొడవ. తీసి ఉంచితే లోపలికొచ్చేవాళ్లతో గొడవ. ఫోనూ ప్లానూ అక్కవే అయినప్పుడు ఇక గడియ ఎవరిదని?

ఆ రోజు బెర్నడెట్ వంటింట్లో బంగాళాదుంపలు తరుగుతోంది. చెల్లెల్ని చూడగానే కత్తి వదిలేసి కావలించుకుంది. రెనాటా బిగుసుకుపోయి నిలబడింది.

"నువ్వు నీళ్లల్లో ఉన్నావని చూపిస్తుంటే నేనేం చెయ్యాలే? చేతులు కట్టుకుని కూర్చోవాలా?"

"శీతాకాలం అక్కా. ఊరు ఊరంతా ఆ నీళ్లమీదే ఉంది."

"నువ్వు చెప్పి వెళ్తే నాకీ తిప్పలెందుకు?"

"నాకు నలభై నాలుగేళ్లు. చేపలు పట్టుకోడానికి సెలవు చీటీ తేవాలా?"

బెర్నడెట్ మొగుడు డెన్నిస్ ముందుగదిలోంచే, చేపలేవైనా పడ్డాయా అని అడిగాడు. రెనాటా ఆ రాత్రి భోజనానికి ఉండకుండా వచ్చేసింది. పడ్డ చేపల్ని ఒక్కతే వేయించుకు తింది.

మర్నాడు పశువుల ఆసుపత్రిలో తన పని ముగించుకుని ఫోన్ల కొట్టుకు వెళ్లింది. అక్క మ్యాపులోకి ఎక్కని వేరే కంపెనీ ఫోను, ఆండ్రాయిడ్‌ది, చేతిలోకి తీసుకుని చూసింది. బరువు కొత్తగా ఉంది. ఎక్కడ నొక్కితే ఏమొస్తుందో వేళ్లకు తెలియడం లేదు. కొట్టులో పిల్ల ఓపిగ్గా అన్నీ చెప్పింది. ఫొటోలొస్తాయి, నంబర్లొస్తాయి. మీ వాళ్లందరివీ ఐఫోన్లయితే మాత్రం ఒక్కటే తేడా అంది. మీ మెసేజీలు వాళ్లకు నీలం బుడగలో కాక పచ్చ బుడగలో కనిపిస్తాయి, కొంతమందికి అది నచ్చదు అని చెప్పి, తప్పు తనదైనట్టు నవ్వింది. మా అత్తగారు నా పెళ్లయ్యేదాకా నన్ను పచ్చపిల్ల అనేది అని కూడా చెప్పింది.

రెనాటా కొనకుండానే వచ్చేసింది. పచ్చకు భయపడి కాదు. అమ్మ గొంతు గుర్తొచ్చింది. అమ్మ పోయి ఏడాదైంది. ఆవిడ వదిలిన వాయిస్ మెసేజీలు ఈ ఫోనులోనే ఉన్నాయి. రాత్రిళ్లు కాదు గానీ, అప్పుడప్పుడూ కారులో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒకటి వినడం ఆమెకు అలవాటు. అవి పోతే?

ఆ వారమంతా ఊగిసలాడింది. మధ్య అక్క జోన్‌కు సంగతి తెలిసి ఆసుపత్రికే వచ్చింది. జోన్ ఎప్పుడూ ఎవరితోనూ గొడవపడదు. పెద్దక్క మాట నెగ్గించి ఇల్లు చల్లగా ఉంచుకోవాలని ఆమె సిద్ధాంతం. ఒక్క ఫోను కోసం ఇంటిల్లిపాదినీ రోడ్డున పడేస్తావా అంది. మన ఇంటి మెసేజీల గ్రూపులో అందరం నీలంగా ఉన్నాం, నువ్వొక్కతివీ పచ్చబడితే గ్రూపంతా పాడవుతుంది, పిల్లల వీడియోలు మసకబారిపోతాయి, వేళ్లతో పెట్టుకునే బొమ్మలు, గుండెలు ఏవీ సరిగా రావు అంది. పెద్దక్క కన్నీళ్లు పెట్టుకుంటోంది అని కూడా అంది. రెనాటా అప్పుడు ఒక లాబ్రడార్ గోళ్లు కత్తిరిస్తోంది. తల ఎత్తలేదు.

"పెద్దక్కకి కావలసింది చెల్లెలు కాదు జోన్. మ్యాపులో చుక్క."

"ప్రేమతోనేగా చూసేది."

"ప్రేమైతే అడగొచ్చు. తొంగిచూడ్డమెందుకు?"

జోన్ కాసేపు కుక్క తల నిమిరి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక రెనాటాకు తన మాట తనకే మళ్లీ వినిపించింది. ఇంతకాలం లోపల ముద్దగా ఉన్నది, నోటినుంచి రాగానే ఆకారం తెచ్చుకుంది. మరి ఆ మాట మీద నిలబడకపోతే ఎలా?

శనివారం పొద్దున్న కాఫీ పెట్టుకుని అమ్మ మెసేజీలన్నీ ఒక్కొక్కటే కంప్యూటరులోకి దింపుకుంది. ఎలాగో కొట్టులో పిల్లే కాగితం మీద రాసిచ్చింది. క్యాబేజీ తీసుకురమ్మని ఒకటి. చర్చిలో పక్కన కూర్చున్నావిడ టోపీ గురించి ఒకటి. ఊరికే, ఏమీ లేదు, నీ గొంతు విందామని అన్నది ఒకటి. ఆవిడ ఎన్నడూ ఎక్కడున్నావని అడగలేదు. ఏం చేస్తున్నావు, తిన్నావా అనే అడిగేది. రెనాటా చివరిది రెండుసార్లు విని, ముఖం కడుక్కుని, కోటు వేసుకుని కొట్టుకు వెళ్లింది. కొత్త ఫోను, కొత్త ప్లాను, తన పేరు మీద తీసుకుంది. అదే నంబరు. పాత ఫోనును డబ్బాలో పెట్టి అక్క ఇంటి గుమ్మంలో వదిలి, బెల్లు కొట్టి, ఆమె తలుపు తీసేదాకా ఆగింది. దొంగలా వదిలి పోవడం ఆమెకు ఇష్టం లేదు.

"ఇది నీది అక్కా. ఇన్నాళ్లూ ఇచ్చినందుకు థాంక్స్. నేను వేరేది తీసుకున్నా."

బెర్నడెట్ డబ్బా వంక చూసి, "అయితే నువ్వెక్కడున్నావో నాకెలా తెలుస్తుంది?" అంది. ఆ గొంతులో కోపం లేదు. అయినా రెనాటా కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"తెలియదు."

బెర్నడెట్ తలుపు వేసేసుకుంది.

ఆ తర్వాత గ్రూపు మూగబోయింది. ఇదివరకు పొద్దున లేచేసరికి నలభై మెసేజీలుండేవి. ఎవరింటి కుక్క ఏం తిన్నదో, ఎవరి పిల్లాడికి ఎన్ని మార్కులో అన్నీ ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. మొదట్లో కోపంతో ఎవరూ మాట్లాడడం లేదనుకుంది. రెనాటా రెండుమూడు సార్లు పలకరింపుగా ఏవో రాసింది. అటునుంచి ఒక బొటనవేలు బొమ్మ వచ్చి ఊరుకుంది. ఈస్టరుకు ముందు, శుక్రవారాలు మాంసం మానే లెంట్ రోజులు మొదలయ్యాయి. శుక్రవారం శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడు విందు పెడతారు. ఆ ఊళ్లో సగం మంది రాత్రి భోజనం అక్కడే. రెనాటా ఎప్పటిలాగే పని ముగించుకుని, వరసలో నిలబడి, చేపా, బంగాళాదుంప కూరిన పిరోగీలూ ఉన్న పళ్లెం పట్టుకుని చోటు కోసం చూసింది. హాలు చివర పొడుగు బల్ల దగ్గర ఆమె కుటుంబమంతా కూర్చుని ఉంది. బెర్నడెట్, డెన్నిస్, జోన్, ఆమె పిల్లలు, పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన కజిన్లు కూడా. అందరి మధ్యా ఒక కేకు ఉంది. డెన్నిస్ పదవీ విరమణట. ఆమెకెవరూ చెప్పలేదు.

జోన్ మొదట చూసింది. ఆమె ముఖం మొత్తం ఎర్రబడింది.

"మెసేజ్ పెట్టాం కదా... అంటే... కొత్త గ్రూపులో పెట్టాం. నువ్వందులో..."

బల్ల దగ్గర ఫోర్కులు ఆగిపోయాయి. అప్పుడు రెనాటాకు అర్థమైంది. పాత గ్రూపు మూగబోలేదు. వాళ్లందరూ అందులోంచి లేచి పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. పళ్లెం అక్కడే దించేసి వెళ్లిపోవచ్చు. ఒక్క క్షణం ఆ పనే చేయబోయింది. కానీ పక్క బల్ల దగ్గర్నుంచి ఒక ఖాళీ కుర్చీ ఈడ్చింది. అది నేల మీద కీచుమని గోల చేస్తూ వచ్చింది. సరిగ్గా బెర్నడెట్ ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"అభినందనలు డెన్నిస్ బావా," అంది. "నాకు చెప్పి ఉంటే కార్డు తెచ్చేదాన్ని."

"కార్డెందుకు, ఆ చేప చాలు," అన్నాడు డెన్నిస్ నెమ్మదిగా. ఆయన ముఖంలో సిగ్గు కనిపిస్తూనే ఉంది.

బెర్నడెట్ తల దించుకుని పళ్లెంలో క్యాబేజీ కోల్‌స్లా కెలుకుతూ, "నువ్వే కదా వెళ్లిపోయావ్," అంది.

"నేను మార్చింది ఫోను. అక్కచెల్లెళ్లని కాదు. మీరు గ్రూపు మార్చారు."

"అందరికీ పచ్చగా వస్తే..."

"పచ్చగా వస్తే రానీ. పచ్చగా వచ్చినా అందులో రాసింది నేనే. చదవలేకపోతే ఫోన్ చెయ్యి, మోగుతుంది. ఫోను పుట్టిందే అందుకు."

జోన్ కూతురు ఫక్కున నవ్వబోయి ఆపుకుంది. బెర్నడెట్ తలెత్తింది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి గానీ, పెదవులు మాత్రం బిగుసుకునే ఉన్నాయి.

"ఆ రోజు కాలవలో నిన్ను ఎవరూ చూడకపోతే? నాకు ఇప్పటికీ మంచు పడితే నిద్ర పట్టదు రెనా."

ఆ భయం నిజమని రెనాటాకు తెలుసు. దాన్ని తీసిపారేయాలని కూడా లేదు.

"నిద్ర పట్టకపోతే నాకు ఫోన్ చెయ్యి అక్కా. ఎంత రాత్రైనా సరే. ఎక్కడున్నావని అడుగు. నేను చెప్తా. కానీ చెప్పేది నేను. నన్నడక్కుండా మ్యాపు చెప్పకూడదు. ఇది ఖాయం. ఇందులో బేరాల్లేవు."

బెర్నడెట్ సరేననలేదు. కాదనలేదు. కేకు కోసినప్పుడు ఒక ముక్క ప్లాస్టిక్ ప్లేటులో పెట్టి బల్ల మీదుగా తోసింది. రెనాటా తినేసింది. కొత్త గ్రూపులో ఆమెను ఎవరూ చేర్చలేదు. ఆమె కూడా అడగలేదు. జోన్ మాత్రం ఆ రాత్రి నుంచి విడిగా మెసేజీలు పెట్టడం మొదలుపెట్టింది.

ఈస్టరుకు ముందు వారం, మంచు పూర్తిగా కరిగిపోయి బే మళ్లీ నీళ్లైపోయాక, ఒక సాయంత్రం ఫోను మోగింది. మెసేజి కాదు. మోగింది. బెర్నడెట్.

"ఎక్కడున్నావ్?" అంది. వెంటనే సర్దుకుంది. "అంటే... చెప్పాలనుంటేనే."

"ఇంట్లోనే. సాక్సులు మడతపెడుతున్నా."

అటువైపు పెద్ద నిట్టూర్పు. ఇన్నాళ్లూ ఒకరికొకరు నీలం బుడగల్లో రెండేసి మాటలు విసురుకున్నారు గానీ, ఒకరి గొంతొకరు వింటూ ఊరికే కూర్చోవడం మరచిపోయారు. బెర్నడెట్ మోకాలి నొప్పి గురించి చెప్పింది. స్కూల్లో కొత్త ప్రిన్సిపాలు తన కుర్చీ మార్చేశాడని చెప్పింది. రెనాటా ఒక చిలుకను బతికించిన కథ చెప్పింది. చీకటి పడింది. సాక్సులన్నీ మడతలయ్యాయి.

"మళ్లీ మా ఫోనుకి ఎప్పుడొస్తావ్?" అంది బెర్నడెట్ చివర్న, ఆశ చావక.

"రాను అక్కా."

"మొండిదానా."

"నీ చెల్లెల్నే కదా."

బెర్నడెట్, శనివారం చర్చిలో దీవెనలకు తీసుకెళ్లే ఈస్టరు తిండిబుట్ట ఎవరు పట్టుకొస్తారు అని అడిగింది. వెన్నతో చేసే గొర్రెపిల్ల బొమ్మను తను చేస్తానని, ఘాటైన హార్స్‌రాడిష్ దుంప మాత్రం రెనాటాయే తురమాలని, తనకు కళ్లు మండుతాయని చెప్పింది. పది గంటలకు చర్చి మెట్ల దగ్గర కలుద్దామంది.

"ఆలస్యమైతే ఫోన్ చేస్తా," అంది రెనాటా.