తెగని తీగ

ఆ ఏడు మా ఊరి చీజ్ చేసింది చేసినట్టే పగిలిపోయేది. అందరి పాలూ ఒకే కాగులో పోసి కాచే చోట ఒక్కడు నీళ్లు కలిపినా ఊరందరి నోటా మన్నే. ఎవరన్నది ఎవరికీ తెలియదు. అఫ్రాకు తెలుసు. కలుపుతున్నది ఆమె మొగుడు ఇగ్నాజ్. వద్దని పోరి పోరి చివరికి నోరు మూసుకుంది. మూసుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోతోంది.

ఆదివారం చర్చి అయ్యాక సత్రంలో ఎగతాళి పాటలు మొదలయ్యాయి. అఫ్రా బల్ల మీద తన తీగల వాద్యం జిథర్ పెట్టుకుని, బొటనవేలికి మీటే ఉంగరం తొడుక్కుంది. ఎవరిని ఎంత ఏడిపించినా, వాడు పాటతోనే బదులివ్వాలి. అప్పటిదాకా జిథర్ ఆగకూడదు. అదీ మా పద్ధతి.

కాసియన్ నోటికి అడ్డూ ఆపూ లేదు. సత్రం యజమాని బట్టతల అయింది, నా ముక్కు అయింది, ఇగ్నాజ్ వైపు తిరిగాడు.

"ఏటి గట్టున మేస్తాయి ఇగ్నాజ్ ఆవులు,
ఏరు ఎండినా ఎండవు వాటి పొదుగులు!"

అందరం పగలబడి నవ్వాం. కాసియన్‌కు పాపం ఏమీ తెలియదు, ప్రాస కుదిరిందని పాడాడంతే. ఇగ్నాజ్ కూడా నవ్వుతూ బదులు పాడబోయాడు.

జిథర్ ఆగిపోయింది.

అఫ్రా ముఖం ఎర్రగా కందిపోయింది. అందరం ఆమెను చూశాం, తర్వాత ఇగ్నాజ్‌ను చూశాం. నవ్వులు ఆగిపోయాయి.

"ఏంటక్కా, తీగ గానీ తెగిందా?" అన్నాడు కాసియన్. మంచివాడు, తప్పించుకునే దారి చూపించాడు.

"ఆ... తెగింది."

జిథర్ అందరి కళ్ల ముందే ఉంది. తీగలన్నీ బిగుతుగానే ఉన్నాయి. చీజ్ కాచే రోమెడియస్ తాత దాన్ని చూడకుండా పైకప్పు వైపు చూశాడు. "సరేలే తల్లీ, రేపు కొత్తది వేసుకుందువు" అన్నాడు. నాకే తల కొట్టేసినట్టయింది.

బయటికి రాగానే ఇగ్నాజ్ పళ్లు నూరాడు. "వాయిస్తే నీ సొమ్మేం పోయిందే? ఏదో ఒకటి పాడి నవ్వించేసేవాణ్ణి కదా!"

"నవ్విస్తావు. ఆ నవ్వులకి నేను వాయించాలి. చెయ్యి రాలేదయ్యా" అంది అఫ్రా.

మర్నాడు ఇద్దరూ పాలు తెచ్చారు. తాత ఇగ్నాజ్ పాలు కాగులో పొయ్యకుండా పక్కన పెట్టాడు. అఫ్రాను మాత్రం మెత్తగా అడిగాడు.

"కొత్త తీగ దొరికిందా తల్లీ?"

ఆ మెత్తదనానికే ఆమెకు భూమిలో కుంగిపోవాలనిపించింది.

"తీగ తెగలేదు తాతా" అంది, తల ఎత్తకుండా.