ఇత్తడి అన్న నోటితోనే

మా బంగారు గనుల ఊరు తార్క్వా బజారులో టాండో గొంతుకి మైకు అక్కర్లేదు. నిన్న అరబా అక్క అమ్మడానికి తెచ్చిన ముద్ద తూచి, తన బంగారం కొనే కొట్టు గుమ్మంలో నిలబడి, "అరబా ఇత్తడి కలిపింది! పదహారు క్యారెట్లే!" అని అరిస్తే, ఎదుటి వరసలో మొక్కజొన్న పిండి కెంకీ ఉండలు అమ్ముకునే నాకే కాదు, బజారంతా వినిపించింది.

మా ఊళ్లో ఆడదానికి ఏ పేరొచ్చినా ఫరవాలేదు గానీ, ఇత్తడి కలుపుతుందన్న పేరు రాకూడదు. వచ్చిందా, ఇసుక కడిగి బంగారం తీసేవాళ్లు పక్కన కూర్చోనివ్వరు. తెల్లారేసరికి అరబా అక్క చోట్లో ఇంకెవరో తట్ట పెట్టేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మాత్రం ఎవరితోనూ గొడవ పడలేదు. బంగారం ముద్ద కొంగున ముడేసుకుని తిన్నగా టాండో కొట్టుకి నడిచింది. నేను కుండ మీద మూత పెట్టి వెంటపడ్డాను.

"మళ్లీ తూచు," అంది.

"ఎన్నిసార్లు తూచినా ఇత్తడి ఇత్తడేనమ్మా," అంటూనే టాండో ముద్దని మామూలుగా తూచాడు. మా బజార్లో తూకపు రాళ్లకి బదులు గడ్డం గీసే బ్లేడ్లే; ముద్ద ఆరు బ్లేడ్ల ఎత్తు తూగింది. తర్వాత దారం కట్టి గ్లాసు నీళ్లలో వేలాడదీసి తూచాడు. నీళ్లలో తూకం ఎంత తక్కువ తరిగితే బంగారం అంత మేలిమి. ఇది బాగా తరిగింది.

"చూశావా?" అన్నాడు.

అక్క ముక్కు గ్లాసుకి ఆనించింది. "నువ్వు చూడు అన్నా. బుడగలొస్తున్నాయి. బంగారాన్ని ముద్ద కట్టించడానికి కలిపిన పాదరసం కాలిపోయిన చోటల్లా బొక్కలు, బొక్కల నిండా గాలి. ఆ గాలే పైకి లేపుతోంది. దీన్ని కరిగించు."

గుమ్మంలో మూగినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. మాలో ఎవరూ అమ్మకముందు బంగారాన్ని కరిగించరు. మంట చూసిన బంగారం చిక్కిపోతుందని భయం. చిక్కేది బంగారం కాదు, అందులో మిగిలిన పాదరసం. అయినా భయం భయమే.

"ఉన్నది కూడా పోతుందక్కా," అన్నాను చెవిలో.

"పోతే పోనీవే. పేరు పోయాక ఇదేం చేసుకోను?"

టాండో ముద్దని మూసలో వేసి, వెలిగారం చల్లి, మంట పెట్టాడు. చల్లారాక తూస్తే ఐదు బ్లేడ్లకి దిగింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇప్పుడు నీళ్లలో," అంది అక్క.

ఒక్క బుడగ రాలేదు, తూకమూ కొంచెమే తరిగింది. టాండో లెక్క కట్టాడు, గ్లాసు తుడిచాడు, మళ్లీ కట్టాడు. గొంతు తగ్గించి, "ఇరవై రెండు దాటింది. సరేలే అరబా, మంచి ధర ఇస్తాను, ఇలా పెట్టు," అన్నాడు.

అక్క బంగారం పిడికిట్లో బిగించింది. "ధర సంగతి తర్వాత. నిన్న గుమ్మంలో నిలబడి అరిచావు. ఇవాళా అక్కడే నిలబడి చెప్పు."

"నలుగురూ చూశారుగా!"

"నిన్న నలుగురికే చెప్పావా?"

టాండో గుమ్మంలోకొచ్చి, "అరబా బంగారం మంచిదే," అని గొణిగాడు.

"వినపళ్లేదు!" అన్నాను నేను. మిరపకాయలమ్మే ఆవిడ కూడా, "మాకూ వినపళ్లేదు నాయనా!" అంది.

టాండో మెడ నరాలు తేలేలా అరిచాడు. "అరబా ఇత్తడి కలపలేదు! ఇరవై రెండు క్యారెట్లు! తప్పు నాది!"

అప్పుడు ఏడ్చింది అక్క. ఏడుస్తూనే పిడికిలి విప్పి, "ఇప్పుడు చెప్పు ధర," అంది.